ఆర్గానిక్ కెమిస్ట్రీయా, బయోటెక్నాలజీయా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బీజెడ్‌సీ చివరి సంవత్సరంలో ఉంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే ఇష్టం. ఇకపై మందులన్నీ ఎంజైములతోనే తయారవుతాయని, కెమిస్టులకు పని ఉండదని బంధువులొకరు అంటున్నారు. ఎమ్మెస్సీలో ఏది తీసుకోమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇష్టం గట్టిదే అయితే ఆర్గానిక్ కెమిస్ట్రీయే తీసుకోమనండి. మీ బంధువులు చెప్పినదాంట్లో సగమే నిజం. మధుమేహానికి వాడే సిటాగ్లిప్టిన్‌నే చూడండి. అందులోని అమైన్ సమూహం సరైన దిశలో కుదిరేందుకు మెర్క్ సంస్థ మొదట్లో రోడియం ఉత్ప్రేరకంతో, అధిక పీడనం వద్ద హైడ్రోజనీకరణ జరిపేది. ఆ దశకు బదులుగా, అమైన్ సమూహాన్ని చేర్చే ట్రాన్సమినేజ్ ఎంజైమును వాడే పద్ధతిని కోడెక్సిస్ సంస్థతో కలిసి రూపొందించి 2010లో వెల్లడించింది. తొలుత ఎంచుకున్న ఎంజైము, ఈ మందుకు ముందు దశ పదార్థమైన కీటోన్‌ను అసలు పట్టించుకోనే లేదు. దానిలోని అమైనో ఆమ్లాలను దఫదఫాలుగా మార్చుకుంటూ పోగా, సగం డీఎంఎస్‌ఓ (ఒక సేంద్రియ ద్రావణి) ఉన్న ద్రావణంలోనూ చురుగ్గా పనిచేసే రూపం లభించింది. వ్యర్థాలు 19 శాతం తగ్గాయి. అయితే ఆ కీటోన్‌ను ఇప్పటికీ రసాయన పద్ధతిలోనే తయారుచేయాలి, ఏ దశలో ఎంజైము లాభమో తేల్చడానికీ కెమిస్టు ఉండాలి.

రసాయన పద్ధతికీ ఎంజైముకూ ఈ పొత్తు కొత్తదేమీ కాదు. 77 బేస్ జతల ఈస్టు జన్యువును 1970లో హరగోవింద్ ఖొరానా బృందం నిర్మించినప్పుడు, పొట్టి డీఎన్‌ఏ ముక్కలను రసాయనికంగా తయారుచేసి, వాటిని లైగేజ్ ఎంజైముతో అతికించింది. గొలుసు పొడవయ్యేకొద్దీ రసాయన పద్ధతిలో నష్టం పేరుకుపోతుంది: ఒక్కో చేర్పులో 99 శాతం దిగుబడి వచ్చినా, 100 చేర్పులయ్యేసరికి సరైన గొలుసు సుమారు 37 శాతమే మిగులుతుంది. ఎంజైము అవసరం అక్కడే పడుతుంది.

ప్రవేశాల విషయానికొస్తే, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఐఐటీలకు జామ్ రాయాలి. బీజెడ్‌సీ వారు ఒకటి గమనించాలి: కెమిస్ట్రీ ఎమ్మెస్సీకి కొన్ని ఐఐటీలు ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలంటాయి, కనుక ఆప్షన్లు ఇచ్చేముందే అర్హత సరిచూసుకోండి.

చేరాక స్టీరియోకెమిస్ట్రీ (అణువుల త్రిమితీయ అమరిక) మీద పట్టు సాధించి, ఒక వేసవి ప్రాజెక్టునైనా జీవరసాయన ప్రయోగశాలలో చేయాలి. ఈ.కోలై బ్యాక్టీరియాలో ఎంజైమును ఉత్పత్తి చేసి శుద్ధి చేయడం, చర్య ఫలితాన్ని కైరల్ హెచ్‌పీఎల్‌సీ అనే వేర్పాటు పరికరంలో చూసి ఏ ఎనాన్షియోమర్ (అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాల్లో ఒకటి) ఎంత ఉందో చెప్పగలగడం, ఈ రెండూ తెలిసిన కెమిస్టుకు ఇంటర్వ్యూలో మాట్లాడటానికి విషయం ఉంటుంది. చర్యా విధానాల కన్నా కణం లోపల జరిగేదే ఆమెను ఎక్కువగా ఆకర్షిస్తుంటే మాత్రం బయోటెక్నాలజీకి వెళ్లనివ్వండి.