మోడల్ రైల్వేకి నిజంగా పనిచేసే సిగ్నళ్లు ఇంట్లోనే ఎలా చేసుకోవాలి?

శ్రీకాకుళంలో మేడ మీది గదిలో హెచ్ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) పట్టాలు పరిచానన్నారు, రెడీమేడ్ సిగ్నళ్ల ధర చూసి కళ్లు తిరిగాయన్నారు, ఆర్డూయినో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) నేర్చుకోకుండా పని జరుగుతుందా అని అడిగారు. జరుగుతుందండీ. మాది విజయనగరం. ఆరడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ మీద బొబ్బిలి జంక్షన్ అని బోర్డు రాసుకుని నేనూ మా అమ్మాయీ ఆడుకుంటున్నాం (సాలూరు వైపు చీలే ఆ లైన్లో రైల్‌బస్సు తిరిగేది కదా, దాని మీద మోజుతోనే ఇదంతా). ఇప్పటికి పదకొండు సిగ్నళ్లు చేశాను, ఏడు పనిచేస్తున్నాయి. మిగతా నాలుగూ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి, వాటి ఊసు వద్దు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, మీకు కొంత డబ్బు మిగులుతుంది. మొదట్లో నేను ఆర్డూయినో నానోతోనే మొదలుపెట్టాను. చిన్న సెర్వో మోటారు (చెప్పినంత మేరకే తిరిగి ఆగేది), దానికి తీగ, తీగ చివర సిగ్నల్ రెక్క, చూడటానికి ముచ్చటగా నెమ్మదిగా వాలేది. ఆ సెర్వోకి కరెంటు ఫోన్ ఛార్జర్ నుంచి, రైళ్లకి వేరే కంట్రోలర్. ఒకరోజు సాయంత్రం ఛార్జర్ వైరు లూజయింది. సెర్వోకి కరెంటు పోతే ఎక్కడున్నది అక్కడే ఉండిపోతుంది, అప్పటికి రెక్క వాలి ఉంది, అంటే దారి ఇచ్చినట్టే. మెయిన్ లైన్లో నా గూడ్సు వస్తోంది, బ్రాంచి నుంచి అమ్మాయి రైల్‌బస్సు వదిలింది, రెండు లైన్లూ కలిసే పాయింట్ల దగ్గర రెండూ గుద్దుకుని రైల్‌బస్సు బల్ల అంచు మీదుగా కింద పడింది. "సిగ్నల్ నువ్వే ఇచ్చావు కదా నాన్నా" అంది. ఏం చెప్తాను?

మా చిన్నాన్న రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌గా చేసి రిటైరయ్యాడు. పండక్కి వచ్చినప్పుడు ఇది చూపిస్తే, బల్ల కిందకి వంగి సెర్వోని ఓసారి చూసి, "తీగ తెగితే ఏటవుద్దిరా దీనికి?" అని ఒక్క ప్రశ్న వేశాడు. పాత రెక్క సిగ్నళ్లలో కేబిన్ నుంచి వచ్చే తీగ తెగితే, బరువు ఆధారంతో రెక్క దానంతటదే లేచి అడ్డంగా నిలబడుతుంది, అంటే ఆగు అని. మా పైడితల్లమ్మ పండగలో సిరిమాను గుర్తు తెచ్చుకోండి, మాను కొస పైకి లేచి ఉండటానికి రెండో కొసన బరువు ఎలా ఉండాలో ఇక్కడా అంతే. చెడిపోతే ఎరుపుకే పోవాలి. నేను చేసినదాంట్లో లేనిది సరిగ్గా అదే.

అందుకని ప్రోగ్రామింగ్ పక్కన పెట్టి డబుల్ పోల్ రిలే కొనండి (లోపలి కాయిల్‌కి కరెంటిస్తే రెండు స్విచ్‌లు ఒకేసారి మారే చిన్న డబ్బా, ఒక్కో స్విచ్‌ని పోల్ అంటారు), ఎనిమిది కాళ్లది, 5 వోల్టులదైతే ఫోన్ ఛార్జర్ సరిపోతుంది. ఒక పోల్ సిగ్నల్ దీపాలకి: కామన్‌కి ప్లస్, ఎన్‌సీ కాలు (కాయిల్‌కి కరెంటు లేనప్పుడు కామన్‌ని తాకి ఉండేది) నుంచి ఎర్ర దీపం, ఎన్‌ఓ (కరెంటున్నప్పుడు తాకేది) నుంచి ఆకుపచ్చ. రెండో పోల్ పట్టాలకి: సిగ్నల్ పాదం దగ్గర ఒక పట్టాని కోసి, దానికి అడుగున్నర వెనక అదే పట్టాని ఇంకోసారి కోస్తే మధ్యలో కరెంటు లేని ముక్క మిగులుతుంది కదా, ఆ ముక్కకి కరెంటు ఎన్‌ఓ మీదుగా పంపండి. కాయిల్‌కి కరెంటు మామూలు టోగుల్ స్విచ్‌ మీదుగా ఇవ్వండి. స్విచ్ వేస్తే రిలే టక్‌మని లాగుతుంది, ఆకుపచ్చ వెలుగుతుంది, ముక్కకి కరెంటొస్తుంది, రైలు కదులుతుంది. స్విచ్ తీసేసినా, కాయిల్ వైరు ఊడినా ఎరుపు పడి రైలు ఆగుతుంది. ఛార్జరే పోతే ఎర్రదీ ఆరిపోతుంది, నిజమే, కానీ ఆ పట్టా ముక్కకీ కరెంటుండదు. అసలు రైల్వేలో కూడా ఆరిపోయిన స్టాప్ సిగ్నల్‌ని ఎరుపు కిందే లెక్కవేస్తారు, కాబట్టి తేడా ఏమీ లేదు. కాయిల్ రెండు కాళ్ల మధ్య 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) పెట్టండి, తెల్ల గీత ప్లస్ వైపు. తిరగేస్తే స్విచ్ వేయగానే షార్ట్.

ఆ అడుగున్నర లెక్క మీ ఇంజనుని బట్టి మార్చుకోండి. నా ఇంజనొకటి కరెంటు తీసేశాక కూడా జారుకుంటూ పోయి ఎర్ర సిగ్నల్ దాటి ముక్కు బయటపెట్టేది. రైల్వేలో దీన్ని స్పాడ్ (ఎర్ర సిగ్నల్ దాటిపోవడం) అంటారు, చిన్నాన్న ఆ మాట వింటే ఇప్పటికీ మొహం చిట్లిస్తాడు. ఇంకోటి, కోసిన సందులో పలచటి ప్లాస్టిక్ ముక్క ఫెవిక్విక్‌తో అతికించండి. మే నెలలో మేడ మీది గది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, పట్టాలు సాగి సందు మూసుకుపోయిందంటే సిగ్నల్ ఎర్రగా ఉండగానే రైలు దూసుకుపోతుంది.

ఇక స్తంభం. పాత రేడియో ఏరియల్ సంపాదించండి. కొస ముక్క గట్టి కడ్డీ, పనికిరాదు, దాని తర్వాతది సన్నటి ఇత్తడి గొట్టం. ఐదు మీటర్ల అసలు స్తంభం 87తో భాగిస్తే 57 మిల్లీమీటర్లు, అంత కోస్తే చాలు. పైన పూత మెరుస్తూ ఉంటుంది, సోల్డర్ దానికి అంటదు, తామరాకు మీద నీళ్లలా జారిపోతుంది, ఉప్పుకాగితంతో పసుపు రంగు బయటపడేదాకా రుద్దాకే అతుక్కుంటుంది. గొట్టాన్నే మైనస్ వైరుగా వాడుకుంటే లోపలి నుంచి రెండు తీగలే పంపాలి. తీగ కోసం మోటార్ వైండింగ్ షాపుకెళ్లి 38 గేజ్ అడిగితే, "ఇంత సన్నం ఏ మోటారుకి బావూ?" అన్నాడాయన. బొమ్మ రైలుకని చెప్పాక డబ్బులు తీసుకోలేదు. దాని మీద ఉండే వార్నిష్ సోల్డరింగ్ ఐరన్ వేడికి పోకపోతే బ్లేడుతో గీకండి. నా డబ్బాలోని నాలుగిట్లో రెండు ఈ గీకుడు సరిగా లేకే చచ్చాయి.

దీపాలకి 5 ఎంఎం ఎల్ఈడీ కొనకండి, ఆ లెక్కన అసలు దీపం 43 సెంటీమీటర్లవుతుంది, స్తంభం మీద గుమ్మడికాయ పెట్టినట్టుంటుంది. 0805 సైజు చిప్ ఎల్ఈడీ, పొడవు 2 మిల్లీమీటర్లు, సరిగ్గా సరిపోతుంది. కొనేటప్పుడు "పచ్చవి" అని మాత్రం అనకండి. నేనలా అంటే షాపు కుర్రాడు పసుపు రంగువి పొట్లం కట్టాడు, తప్పు వాడిది కాదు, మన భాషది. ఆకుపచ్చ అనండి. ఎరుపుకి ఒక కిలో ఓం రెసిస్టర్ పెడితే, ఆకుపచ్చకి నాకు 4.7 కిలో ఓం పెట్టాల్సొచ్చింది, లేకపోతే అది కళ్లలో పొడిచేది. రెండూ వెలిగించి గదిలో లైటు ఆర్పి చూసుకుని మార్చుకోండి. పైన గొడుగులకి నల్లటి హీట్ ష్రింక్ గొట్టాన్ని (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్‌ది) ఏటవాలుగా కోసి తొడిగితే చాలు.

ఎరుపు కిందే ఉండాలి, పైన కాదు. డ్రైవర్ కంటికి దగ్గరగా ఉండేది అదే. రోడ్డు సిగ్నళ్లు చూసీ చూసీ నేను మొదటిది తలకిందులుగా చేశాను. నాలుగు దీపాలదైతే పై నుంచి పసుపు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.

నాకు అన్నిటికన్నా నచ్చింది సాలూరు లైనుకి పెట్టిన రూటు దీపాలు. హోమ్ సిగ్నల్ (స్టేషన్లోకి వచ్చేముందు ఉండేది) నెత్తిన ఐదు తెల్ల చుక్కలు వాలుగా వరసలో వెలుగుతాయి చూడండి, రైలు పక్క లైన్లోకి మళ్లేటప్పుడు, అవి. ఐదు ఎల్ఈడీలు ఆ జాగాలో పెట్టడం నా వల్ల కాలేదు. తిరణాల్లో కొన్న ఫైబర్ దీపం, వెంట్రుకల్లా రంగులు మారేది, పాడైపోయి అటక మీద ఉంటే అందులోంచి ఐదు పోగులు పీకి, నల్ల రేకుకి గుండుసూదితో చిల్లులు పొడిచి దూర్చి, అవతలి కొసలన్నీ కట్టగట్టి బల్ల కింద ఒకే తెల్ల ఎల్ఈడీకి ఆనించాను. వేడి ఐరన్‌ని పోగు కొసకి తాకించకుండా దగ్గరగా పెడితే, కొస కరిగి చిన్న గుండ్రటి బుడిపె అవుతుంది, అదే అద్దం. తాకిందో, పోగంతా ముడుచుకుపోతుంది. మొదటిసారి రాత్రి వెలిగించినప్పుడు చిన్నాన్న ఏమీ అనలేదు, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడంతే.

రెక్క సిగ్నలే కావాలంటే దానికీ రిలేనే వాడొచ్చు. పై డబ్బా తీసేసి లోపల కదిలే రేకుకి సన్నటి తీగ అతికించి పొడుగు చేస్తే కొస దగ్గర మూడు నాలుగు మిల్లీమీటర్లు కదులుతుంది, రెక్కకి అది చాలు. సెర్వోలా ఒయ్యారంగా వాలదు, టక్కున పడుతుంది. రెక్కని కూల్‌డ్రింక్ డబ్బా రేకుతో చేశాను, అల్యూమినియానికి సోల్డర్ పట్టదు, గమ్మే గతి.

మీ కంట్రోలర్ డీసీయో (పట్టాల్లో వోల్టేజీ మార్చి నడిపేది) డీసీసీయో (పట్టాల మీదుగా ఇంజనుకి డిజిటల్ ఆదేశాలు పంపేది) రాయలేదు. నేను చెప్పింది డీసీకి. డీసీసీ అయితే ముక్కలో కరెంటు తెగగానే ఇంజను హెడ్‌లైటూ శబ్దమూ కూడా ఆగిపోతాయి, అది మీకు నచ్చకపోవచ్చు. ఏదో చెప్తే మిగతాది దాన్ని బట్టి రాస్తాను.