మూత్రం గొట్టం: గడియారం చూసి తీయాలి

ప్రశ్న: మా ఆయన తాటిచెట్టు మీంచి పడి, డి-12 (ఛాతీ వెనక వెన్నుపూసలను పైనుంచి లెక్కిస్తే పన్నెండోది) దగ్గర వెన్ను దెబ్బతింది. అప్పటినుంచి మూత్రం గొట్టంతో తీసుకుంటున్నారు, రోజుకు మూడుసార్లు. మధ్యలో బట్టలు తడుస్తున్నాయని నీళ్లు తగ్గించారు. అయినా పొద్దున 800 మి.లీ. దాకా వస్తోంది. పరీక్ష చేయిస్తే ప్రతిసారీ చీముకణాలంటున్నారు. గొట్టం కడిగి మళ్లీ వాడొచ్చా?
– ఒక సోదరి, జనగామ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ 800 సంగతి చూడాలి. ఏ పూటా 400–500 మి.లీ. దాటకూడదు. మూత్రాశయం అంతకు మించి సాగితే దాని గోడకు రక్తం సరిగా అందదు, క్రిములు అక్కడే పెరుగుతాయి. 1972లో అమెరికాలో యూరాలజిస్టు (మూత్రవ్యవస్థ డాక్టరు) జాక్ లాపిడెస్ చెప్పిందీ ఇదే: సబ్బుతో కడిగిన చేతులు చాలు, వేళ మాత్రం తప్పకూడదని. కాబట్టి 4–6 గంటలకోసారి తీయండి. నీళ్లు తగ్గించొద్దు, రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి.

పగలంతా కుర్చీలో కూర్చుంటే కాళ్లలోకి నీరు దిగుతుంది. పడుకోగానే అదే మూత్రంగా మారుతుంది. సాయంత్రం ఓ గంట కాళ్లు ఎత్తులో పెట్టండి, ఏడు తర్వాత నీళ్లు కొద్దిగానే ఇవ్వండి, పడుకునే ముందు తప్పక తీయండి. అప్పటికీ తగ్గకపోతే రాత్రి అలారం పెట్టుకుని ఓసారి లేవాల్సిందే.

మూడు రోజులు వేళ, తాగింది, వచ్చింది, తడిసింది రాసిపెట్టండి. 300 లోపు ఉన్నప్పుడే తడుస్తుంటే మూత్రాశయం తనంతట తాను బిగుసుకుంటోందని అనుమానించాలి. మూత్రాశయం లోపలి ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష అడగండి. ఆ బిగుతు తగ్గించే ఆక్సీబ్యుటినిన్, సోలిఫెనసిన్ లాంటి మందులు డాక్టరు రాస్తారు. లోపలి ఒత్తిడిని పట్టించుకోకపోతే దెబ్బ కిడ్నీలకే. పొత్తికడుపు నొక్కి తెప్పించే అలవాటుంటే ఈరోజే మానేయండి.

మగవాళ్లకు సాధారణంగా 12 లేదా 14 సైజు నెలటాన్ (నిటారుగా ఉండే మామూలు) గొట్టం సరిపోతుంది: చివర తెల్లరంగుది 12, ఆకుపచ్చది 14. నీళ్లలో కరిగే జెల్లీ బాగా పట్టించాలి. కొబ్బరినూనె, వాజలీన్ వద్దు. అంగాన్ని పైకెత్తి పట్టుకుని మెల్లగా తోయాలి. మూత్రాన్ని ఆపే కండరం దగ్గర అడ్డు తగిలితే బలవంతం చేయొద్దు. ఆగి, దీర్ఘంగా ఊపిరి పీల్చి వదిలాక సాగుతుంది. మొరటుగా తోస్తే లోపల తప్పుదారి పడుతుంది, ఆ తర్వాత ఏ గొట్టమూ సరిగా వెళ్లదు. మూత్రం మొదలయ్యాక ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పంపండి. తీసేటప్పుడు నెమ్మదిగా తీస్తూ, మళ్లీ ధార వస్తే అక్కడే ఆగండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు, అడుగున మిగిలిపోతుంది.

ఒక్కసారి వాడి పారేయడమే ఉత్తమం. ఖర్చు భరించలేకపోతే వాడిన వెంటనే సబ్బునీటితో లోపలా బయటా కడిగి, పూర్తిగా ఆరాక మూతున్న డబ్బాలో పెట్టండి. గట్టిపడినా, రంగు మారినా పారేయాలి. నీళ్లు తగిలితే జారే పూత ఉన్న రకాన్ని మాత్రం రెండోసారి వాడకూడదు.

ఇక చీముకణాలు. గొట్టం వాడేవాళ్లలో అవి మామూలే. జ్వరం, చలి, కాళ్ల బిగుతు పెరగడం, కొత్తగా తడవడం ఉంటేనే కల్చర్ (మూత్రంలో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) చేయించి మందు వాడాలి. ఊరికే యాంటీబయాటిక్స్ మింగితే అసలు అవసరం పడ్డ రోజున అవి పనిచేయవు.

ప్రశ్న: మా తమ్ముడికి డి-4 దెబ్బ. మూత్రం తీయడం ఆలస్యమైతే తలనొప్పి, ముఖమంతా చెమట. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: డి-6, అంతకు పైన దెబ్బతిన్నవారికి మూత్రాశయం నిండితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఇది ప్రాణాపాయం. పడుకోబెట్టొద్దు. వెంటనే కూర్చోబెట్టి, నడుం దగ్గర బట్టలు వదులుచేసి, మూత్రం తీయండి. తీశాక కూడా తగ్గకపోతే మలబద్ధకం, పుండు లాంటివి కారణం కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, డి-4 దెబ్బ అన్న సంగతి ముందే చెప్పండి.