సిబిల్ బాలేదని ఇల్లు ఆశ వదులుకోకు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

సిబిల్ స్కోర్, అదే అప్పులు ఎలా కడుతున్నామో చెప్పే మార్కులు, 610 ఉందని హోమ్ లోన్ రిజెక్ట్ చేశారంట కదా, రెండ్రోజుల్నించి సరిగ్గా అన్నం కూడా తినట్లేదని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే బాధ. ముందు తిను. నాకూ ఇలాగే అయింది కాబట్టి రాస్తున్నా.

ఉత్త స్కోర్ నంబర్ చూసి కూర్చోకు, మొత్తం రిపోర్ట్ తీయి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, మన అప్పుల రికార్డు ఉంచే ఈ కంపెనీలు నాలుగూ ఏడాదికోసారి ఫ్రీగా ఇవ్వాలి, ఆర్‌బీఐ రూల్. ఒక్కో లోన్ కింద నెలనెలా గళ్ళుంటాయి, 000 అంటే టైముకి కట్టినట్టు, 030, 060 అంటే అన్ని రోజులు లేటైనట్టు. నాకైతే పాత క్రెడిట్ కార్డ్ కింద 'సెటిల్డ్' అని ఉంది. 62 వేల బాకీకి 25 వేలు కట్టేయండి సార్ అయిపోద్ది అని రికవరీ అబ్బాయి అంటే సంబరంగా కట్టేశా, నాలుగేళ్ల తర్వాత లోన్ కోసం వెళ్తే మేనేజర్ స్క్రీన్ నావైపు తిప్పి ఆ ఒక్క మాట మీద వేలు పెట్టాడు, పక్కన మీ అత్త, తలెత్తలేకపోయా. మళ్ళీ ఆ కార్డ్ బ్యాంక్ చుట్టూ తిరిగి మిగతాది కట్టి, బాకీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకుని 'క్లోజ్డ్' అని మార్పించుకున్నాకే దారి పడింది. నీకూ అలాంటిదుంటే అదే ముందు తేల్చు. తప్పు ఎంట్రీ అయితే డిస్ప్యూట్, అంటే ఫిర్యాదు, పెట్టు, 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకి 100 రూపాయలు నీకే ఇవ్వాలి.

ఈలోపు కనిపించిన బ్యాంకుకల్లా అప్లై చెయ్యకు, ప్రతి ఎంక్వైరీ రిపోర్ట్‌లో పడుతుంది. డబ్బులిస్తే స్కోర్ పెంచుతామనే వాళ్ళకి రూపాయి కూడా ఇవ్వకు. బ్యాంకులో ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) హామీగా పెట్టి క్రెడిట్ కార్డ్ తీసుకుని సరుకులకీ పెట్రోల్‌కీ కొంచెం కొంచెం వాడి బిల్లు మొత్తం కట్టెయ్, మినిమమ్ డ్యూ కట్టి వదిలెయ్యకు, అక్కడే అందరం మునిగేది. ఏడాది పడుతుందనుకో, పడనీ.

అమ్మాయికి ఉద్యోగం ఉంది, రికార్డ్ క్లీన్‌గా ఉంది, లోన్‌కి నీతోపాటు కో-అప్లికెంట్‌గా పెట్టు. 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల దాకా అయితే 80 శాతమే ఇవ్వొచ్చు, అదీ గరిష్ఠంగా, నీకు అంతకంటే తక్కువే ఇస్తారు, కాబట్టి చీటీ డబ్బులు వేరే దేనికీ కదపకు. మరీ ఆగలేకపోతే హౌసింగ్ ఫైనాన్స్ వాళ్ళు ఎక్కువ వడ్డీకి ఇస్తారు, ఫ్లోటింగ్‌ రేటే, అంటే మారుతూ ఉండే వడ్డీ, తీసుకో, ముందే తీర్చినా పెనాల్టీ ఉండదు, స్కోర్ పెరిగాక బ్యాంక్‌కి మార్చుకోవచ్చు.

ఆదివారం నాలుగు రిపోర్ట్‌లూ ప్రింట్ తీసుకుని ఇంటికి రా, ఇద్దరం కూర్చుని ఒక్కో గడీ చూద్దాం.

మీ మావయ్య