టీచర్ ఉద్యోగం ఇంటర్వ్యూలో మనం ఏం అడగొచ్చు?

బీఈడీ అయింది, నెల్లూరులో ఒక ప్రైవేట్ స్కూల్లో ఇంటర్వ్యూ ఉంది, చివర్లో "మీరేమైనా అడుగుతారా అమ్మా" అంటే ఏమనాలి అన్నారు కదా. నేను కావలిలో, తర్వాత నెల్లూరులో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పాను. "ఏమీ లేదండీ" అని మాత్రం లేచి రాకండి.

ముందు పని గురించి అడగండి. ఏ తరగతులు ఇస్తారు, రోజుకి ఎన్ని పీరియడ్లు, సెక్షన్‌లో ఎంతమంది పిల్లలు, సాయంత్రం స్టడీ అవర్స్ ఉన్నాయా? "ఖాళీ పీరియడ్లు ఎన్ని" అనే బదులు "నోట్సులు దిద్దుకోవడానికి వీలుంటుందా సార్" అనండి, బాగా తీసుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టం టీచరుకు వారానికి కనీసం 45 గంటల పని అంటుంది. పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా అందులోదే.

అసలు చిక్కులు వేసవిలో వస్తాయి. జీతం పన్నెండు నెలలకా, పది నెలలకా? మే నెలలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాలా, ఒక్కొక్కరికి ఇంతమంది అని టార్గెట్ పెడతారా? నేను చేసిన ఒక స్కూల్లో చేరేటప్పుడు "అన్నీ మేం చూసుకుంటాం" అన్నారు. తీరా ఏప్రిల్ వచ్చాక, జూన్‌లో మళ్లీ వస్తేనే ఏప్రిల్ జీతం ఇస్తామన్నారు. ఇంట్లో అద్దె కట్టాల్సిన వాళ్లకి ఆ రెండు నెలలు ఎంత కష్టమో దగ్గరుండి చూశాను. అందుకే ఈ ఒక్కటీ మొహమాటం లేకుండా అడగండి, అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాయించుకోండి. స్టాఫ్ ఇరవై మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పీఎఫ్ కట్టాలి కాబట్టి అదీ అడగండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటారా అని కూడా తేల్చుకోండి. "చూసి ఇచ్చేయండి సార్, జిరాక్సులు ఉంచుతాను" అంటే తప్పేం లేదు. డీఎస్సీలో సెలెక్ట్ అయితే వెరిఫికేషన్‌కి కావాల్సింది అవే. వాటి కోసం ఆఫీసు రూము చుట్టూ తిరిగి ఏడ్చిన అమ్మాయిలు నాకు తెలుసు.

నెల్లూరు కాబట్టి ఇంకొకటి: నవంబరు వానలకి కలెక్టర్ సెలవులిస్తే, వాటికి బదులు ఆదివారాలు రావాలా? చంటిపిల్లలున్న వాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది.

ఇక డెమో. ఏ తరగతికి, ఏ పాఠం, ఎన్ని నిమిషాలు, ఎదురుగా కూర్చునేది పిల్లలా, స్టాఫా? ఇవి ఇంటర్వ్యూ దాకా ఆగకుండా ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి.