డాక్టరు గారు లేని పది నిమిషాలు: క్లినిక్ సిబ్బంది ప్రశ్నలు, సమాధానాలు

విశాఖపట్నంలోని చిన్న క్లినిక్‌లలో పనిచేస్తున్న నర్సులు, కాంపౌండర్లు, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన వైద్యులు పంపిన ఉత్తరాలలో అయిదింటిని ఈ నెల ఎంచుకున్నాం. నగరంలోనే చాలాకాలంగా జనరల్ ప్రాక్టీసు చేస్తున్న వైద్యులు ఒకరు సమాధానాలు ఇస్తున్నారు.

డాక్టరు గారూ, మా సారు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు, ఆయన రాసిపెట్టిన యాంటీబయాటిక్ సూదిమందును ఒక రోగికి ఇచ్చాను. రెండు నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఊపిరి ఆడక ఆయన పడిపోయారు. వెంటనే ఏవిల్, హైడ్రోకార్టిసోన్ ఇచ్చి సారుకు ఫోను చేశాను. ఆయన పరుగున వచ్చి అడ్రినలిన్ ఇచ్చాకే మనిషి తేరుకున్నారు. సారు వచ్చేలోగా అది నేనే ఇవ్వవచ్చా? – ఒక నర్సు, గాజువాక

అమ్మా, అలాంటి స్థితిలో మొట్టమొదట ఇవ్వవలసిన మందే అది. రోగిని విడిచి కదలకుండా, ఆలస్యం చేయకుండా మీరు ఫోను చేయడం మంచి పని. మందుల వరుస మాత్రమే తారుమారైంది. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. చేయి ముందుగా ఏవిల్ మీదికి పోయే అలవాటు మన క్లినిక్‌లలో ఏళ్లుగా పాతుకుపోయింది. ఏవిల్ దురదనూ దద్దుర్లనూ తగ్గిస్తుంది, హైడ్రోకార్టిసోన్ పని మొదలు కావడానికే గంటలు పడుతుంది. పడిపోతున్న రక్తపోటును నిలిపి, మూసుకుపోతున్న గాలిదారిని తెరిచేది అడ్రినలిన్ ఒక్కటే.

మన దగ్గర దొరికే చిన్న ఆంపూల్‌లో ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది. పెద్దవారికి అందులో సగం, అంటే 0.5 మిల్లీలీటరు, తొడ మధ్యభాగంలో బయటి వైపున కండలోకి ఇవ్వాలి; 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 0.3, అంతకన్నా చిన్నవారికి 0.15 మిల్లీలీటరు సరిపోతుంది. ఈ మోతాదును ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా నరానికి ఎక్కించకూడదు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచాలి, ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టవచ్చు గానీ లేపి నిలబెట్టకూడదు. 5 నిమిషాల్లో గుణం కనిపించకపోతే అదే మోతాదు మళ్లీ ఇవ్వాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. కొందరిలో కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెడతాయి కనుక, తేరుకున్న మనిషిని కూడా ఇంటికి కాక ఆసుపత్రికే పంపాలి.

డాక్టరు లేనప్పుడు సొంత నిర్ణయం తీసుకున్నానన్న బెరుకు మీకు ఉండకూడదంటే, ఆ నిర్ణయం ముందే కాగితం మీద ఉండాలి. మోతాదులతో సహా ఆదేశం రాసి, సంతకం చేసి, ఇంజెక్షన్ బల్ల ఎదురుగా గోడకు అతికించమని మీ సారును అడగండి, అడగడానికి మొహమాటపడవద్దు. మా క్లినిక్‌లో ఆ కాగితం కిందే ఒక స్టీలు ట్రే ఉంటుంది. అందులో రెండు అడ్రినలిన్ ఆంపూల్స్, రెండు ఒక మిల్లీలీటరు సిరంజిలు, కండలోకి దిగేంత పొడవున్న సూదులు, దూది తప్ప మరేమీ ఉండవు. ట్రే అంచున అతికించిన ప్లాస్టరు ముక్క మీద ఆంపూల్ గడువు తేదీ పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, ప్రతి నెలా ఒకటో తేదీన మా నర్సు దాన్ని చదివి పక్కన సంతకం చేస్తుంది. మందు గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగితే గడువు ఉన్నా పారేయాలి. బీరువాలో తాళం వేసి ఉంచిన అడ్రినలిన్ ఆ క్షణంలో లేనట్టే లెక్క.

మా పిల్లల క్లినిక్‌లో టీకాలను మామూలు ఇంటి ఫ్రిజ్‌లోనే ఉంచుతున్నాం. కరెంటు పోయినప్పుడు టీకా పాడైందో లేదో ఎలా తెలుస్తుంది? – ఒక కాంపౌండరు, ఎంవీపీ కాలనీ

కరెంటు పోవడం గురించి అందరూ అడుగుతారు, టీకా గడ్డకట్టడం గురించి అడిగేవారు అరుదు. నా అనుభవంలో రెండోదే ఎక్కువ భయపెట్టే విషయం. టీకాలకు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లదనం ఉండాలి. హెపటైటిస్-బి, పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు ఒకే టీకా), టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) వంటివి ఒక్కసారి గడ్డకట్టి కరిగితే, చూడటానికి మామూలుగానే కనిపిస్తూ శక్తిని కోల్పోతాయి. బిడ్డకు సూది నొప్పి మిగులుతుంది, రక్షణ మాత్రం రాదు, ఆ సంగతి ఎవరికీ తెలియదు. చాలా ఏళ్ల క్రితం మా క్లినిక్‌లోనే, మంచినీళ్ల సీసాకు చోటు చేయడానికి ఎవరో టీకాల పెట్టెను ఫ్రీజర్ పలక కిందికి నెట్టారు. ఒక సీసాను వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు అడుగున మంచు పొర కనిపించింది. ఆ పెట్టె మొత్తం పారేశాం, కానీ అంతకుముందు రోజు అందులోంచి ఎవరెవరికి వేశామో రిజిస్టరు తిరగేసి, ఆ తల్లులందరికీ ఫోను చేసి పిలిపించి పిల్లలకు మళ్లీ టీకా వేయవలసి వచ్చింది.

సీసా మీద ఉండే గుర్తు, అంటే వృత్తం మధ్యలోని చిన్న చతురస్రం, వేడి తగిలిందో లేదో మాత్రమే చెబుతుంది. చతురస్రం చుట్టూ ఉన్న వృత్తం కంటే లేత రంగులో ఉన్నంతవరకు వాడవచ్చు, రెండూ ఒకే రంగుకు వచ్చినా, చతురస్రం ఇంకా ముదిరినా వాడకూడదు. గడ్డకట్టిందా లేదా అన్నది ఆ గుర్తు చెప్పదు. అందుకే టీకాలను మధ్య అరలో, వెనుక గోడకు తగలకుండా పెట్టి, తలుపు అరల్లోనూ అడుగునా నీళ్ల సీసాలు నింపండి. కరెంటు పోయినప్పుడు చల్లదనాన్ని కాసేపు పట్టి ఉంచేవి అవే. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటరు ఒకటి కొని, పొద్దున తలుపు తీయగానే ఒకసారి, సాయంత్రం మూసే ముందు ఒకసారి రెండు అంకెలూ రాయండి. ఆ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకు, టిఫిన్ డబ్బాకు చోటు ఉండకూడదు.

కరెంటు పోతే చేయవలసిన మొదటి పని తలుపు తీయకుండా ఉండటం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరాన్ని తాకిన తర్వాత రోజుల తరబడి కరెంటు రాని వీధులు ఎన్నో ఉన్నాయి. అటువంటప్పుడు టీకాలను ఎక్కడికి తరలించాలో, ఐస్ ప్యాకులతో ఉన్న పెట్టె ఎక్కడుందో తుపాను హెచ్చరిక వచ్చిన రోజే తేల్చుకోవాలి. ఐస్ ప్యాకులను ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే టీకాల పక్కన పెట్టవద్దు. ప్యాకును చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచాలి, లేకపోతే టీకాను కాపాడబోయి మనమే గడ్డకట్టిస్తాం.

చెత్త సంచి కడుతుండగా మా ఆయాకు వాడిన సూది గుచ్చుకుంది. రక్తం పిండేసి స్పిరిట్ రాశాం. ఇంకేమైనా చేయాలా? – ఒక నర్సు, పెందుర్తి

గాయాన్ని పిండకూడదు, స్పిరిట్ పోయకూడదు. సబ్బుతో, ధారగా పారే నీటితో కడిగితే చాలు. తర్వాత గడియారం చూసుకోవాలి: హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే మొదటి మోతాదు 2 గంటలలోగా పడటం మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. మొదలుపెట్టాక 28 రోజులు వాడాలి. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో ఏఆర్‌టీ కేంద్రం, అంటే హెచ్‌ఐవీ మందులు ఇచ్చే కేంద్రం, ఉంది కనుక ఆమెను వెంటనే అక్కడికి తీసుకువెళ్లండి. సూది ఏ రోగికి వాడినదో తెలిస్తే, ఆ వ్యక్తి అంగీకారంతో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించాలి.

అసలు సూది ఆ సంచిలోకి ఎందుకు వెళ్లింది? 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలోకి, సిరంజిలు, గ్లౌజులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, గాజు సీసాలు నీలం పెట్టెలోకి వెళ్లాలి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. ఈ వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని ఆ నియమాలలోనే ఉంది. ఆయాలకు టీకా వేయించిన క్లినిక్‌లు నాకు చాలా తక్కువ కనిపించాయి, ఇది నన్ను నిజంగా బాధిస్తుంది. హెపటైటిస్-బికి మూడు మోతాదులు, 0, 1, 6 నెలల్లో. ఆమె జీతంలోంచి కోయకుండా యజమాని ఖర్చుతో వేయించండి.

క్షయ అని తేలిన ఒక రోగి తన పేరు ప్రభుత్వానికి పంపవద్దని బతిమాలుతున్నారు. ఏం చేయాలి? – ల్యాబ్ టెక్నీషియన్, గోపాలపట్నం

పంపడం తప్పనిసరి. 2012 నుంచి ప్రైవేటు వైద్యులకు, ల్యాబులకు కూడా ఈ బాధ్యత ఉంది, 2018లో దీన్ని మరింత కట్టుదిట్టం చేశారు. రోగికి మాత్రం దీన్ని చట్టంగా కాక సాయంగా చెప్పండి. ప్రభుత్వ క్షయ నమోదు పోర్టల్ అయిన నిక్షయ్‌లో పేరు నమోదైతే మందులు ఉచితంగా అందుతాయి, పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 నవంబరు వరకు అది 500 రూపాయలే. వారి అసలు భయం ఇరుగుపొరుగుకు తెలుస్తుందేమోనని. కాబట్టి ఆ మాట పదిమంది కూర్చున్న హాలులో కాక లోపలి గదిలో చెప్పండి, రిపోర్టును బంధువుల వాట్సాప్‌కు పంపకండి.

మధురవాడలో కొత్తగా క్లినిక్ పెట్టాను. రోజూ ఓపీ చూస్తూ కొత్త విషయాలు తెలుసుకోవడం ఎలా? – ఒక యువ వైద్యురాలు

అమ్మా, ముందుగా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019 నుంచి విడుదల చేస్తున్న ప్రామాణిక చికిత్సా పత్రాలను డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక్కో జబ్బుకు ఒక్క పేజీ, పూర్తిగా ఉచితం. ఏ రోగిని పెద్దాసుపత్రికి పంపాలో కూడా అందులో ఉంటుంది. ఆ పేజీలను మీ సిబ్బందితో కలిసి వారానికొకటి చదవండి. ఏ మందులు దగ్గర ఉంచుకోవాలన్న సందేహానికి 384 మందులతో ఉన్న 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితా మంచి ఆధారం. వైద్యులు అయిదేళ్లలో కనీసం 30 గంటల నిరంతర విద్య పొందాలని 2002 నాటి వృత్తి నియమాలు చెబుతున్నాయి. వాటిని చివరి ఏడాదికి పోగుపెట్టుకోకండి.

మరొక్క మాట, ఇది గాజువాక నర్సు గారికి కూడా వర్తిస్తుంది. మందు వికటించిన ప్రతి సంఘటననూ 1800-180-3024 అనే ఉచిత నంబరుకు తెలియజేయవచ్చు. వైద్యులే కాదు, నర్సులు, ఫార్మసిస్టులు, రోగులు కూడా ఫోను చేయవచ్చు. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఇచ్చిన సమయం, ఏ నిమిషానికి ఏమైందీ అడుగుతారు. అందుకని ఖాళీ సీసాను ఆ రోజు పారేయకుండా పక్కన పెట్టండి. ఆ రోగి చీటీ మీద, ఆయన ఇంట్లో దాచుకునే కాగితాల మీద ఆ మందు పేరును ఎర్ర సిరాతో రాసి, ఇకపై ఎక్కడికి వెళ్లినా ముందుగా దాన్ని చూపించమని చెప్పండి.