‘డిలేడ్’ అని వస్తే తుపాకీ ఇవ్వొచ్చా?

ప్రశ్న: అమెరికాలో తుపాకీల దుకాణంలో కొత్తగా చేరాను. 25 ఏళ్ల కస్టమర్‌కు గురువారం బ్యాక్‌గ్రౌండ్ చెక్ (తుపాకీ కొనేందుకు అర్హుడేనా అన్న ప్రభుత్వ పరిశీలన) చేయిస్తే ‘డిలేడ్’, అంటే ఫలితం ఇంకా తేలలేదు, అని వచ్చింది. ఎప్పుడివ్వాలి? తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఆయన కౌంటీ (మన జిల్లాలాంటిది) పేరు వదిలేశాడు, నేను రాసేయొచ్చా?

జవాబు: రాయొద్దు. కొనేవారి భాగం కొనేవారే నింపాలి, తుపాకీ చేతికివ్వకముందే. ఆయనతోనే రాయించి, పక్కన తన పేరు పొడి అక్షరాలు, తేదీ వేయించండి. కౌంటీ గడి ఖాళీగా ఉండటం ఏటీఎఫ్ (తుపాకీ దుకాణాలను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ) తనిఖీల్లో మామూలుగా దొరికే తప్పు. తుపాకీ ఇచ్చేశాక కనబడితే అసలు ఫారం ముట్టుకోకండి. ఫొటోకాపీ మీద దిద్దించి అసలు ఫారానికి జతచేయండి.

ఇక ‘డిలేడ్’. ఫెడరల్ చట్టం ప్రకారం మూడు పనిదినాలు గడవాలి, చెక్ కోసం ఫోన్ చేసిన రోజు లెక్కలోకి రాదు. శుక్ర, సోమ, మంగళ పోతే, సెలవులేవీ లేకుంటే, బుధవారం ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంతే, ఇచ్చి తీరాలని లేదు. అనుమానముంటే ఆగడమే మేలు. కొనేవారికి 21 ఏళ్లు నిండకపోతే గడువు పది పనిదినాల దాకా సాగొచ్చు. కొన్ని రాష్ట్రాల నిబంధనలు ఇంకా కఠినం, ముందు అవి చూడండి.

ఆయన బుధవారం వచ్చినప్పుడు గుర్తింపు కార్డు ఇంకా చెల్లుతోందా చూసి, ఫారంలో మళ్లీ సంతకం చేయించండి. చాలామంది మరిచేది ఇదే. చెక్ మొదలుపెట్టిన తేదీ నుంచి 30 రోజులు దాటితే కొత్త చెక్ తప్పదు. అమ్మకం వివరాలు ఏడు రోజుల్లోపు రిజిస్టరులోకి ఎక్కాలి. సీరియల్ నంబరు పెట్టె మీదది కాదు, తుపాకీ మీదది చూసి రాయండి. బేరం కుదరకపోయినా చెక్ చేయించిన ఫారం పారేయకూడదు.