పుస్తకాల జాబితా దగ్గర ఆగిపోయిన మాటలు

ప్రశ్న: నా వయసు 34. ఒంగోలు సమీపంలోని ఒక పట్టణంలో ఉపాధ్యాయురాలిని. మా మామయ్యగారు ఇక్కడి సంఘానికి పాతికేళ్లుగా పాస్టరు. ఈ ఏడాది యవనస్థులకు నాయకత్వ శిక్షణ తరగతి మొదలుపెట్టారు, దాని బాధ్యత మావారిది. చదవాల్సిన పుస్తకాలు పన్నెండు. అన్నీ అమెరికా పాస్టర్లు రాసినవాటికి అనువాదాలే, రచయితలందరూ మగవాళ్లే. "మనవాళ్లు రాసినవీ, ఆడవాళ్లు రాసినవీ కొన్ని చేరిస్తే బాగుంటుంది కదా మామయ్యా" అని సంఘ పెద్దల ముందు అన్నాను. ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. అప్పటి నుంచి నాతో మాట్లాడటమే లేదు. "నాన్నగారి పరువు తీశావు. స్త్రీ మౌనంగా నేర్చుకోవాలని వాక్యం చెబుతుంటే నువ్వు పాఠాలు చెబుతావా?" అని మావారు. అత్తయ్యగారు ఎటూ చెప్పలేక నలిగిపోతున్నారు. అడగడమే తప్పా? క్షమాపణ చెప్పి ఊరుకోవాలా? అసలు ఏవి చదివించాలో నాకూ స్పష్టంగా తెలియదు.

జవాబు: అమ్మా, అడగడం తప్పు కాదు. అడిగిన చోటు సరైనది కాదు. ఈ రెండూ కలగలిసిపోయాయి కాబట్టే మీ ఇంట్లో ఎవరికి వారు తమకే అన్యాయం జరిగిందనుకుంటున్నారు.

మామయ్యగారి సంగతి ఆలోచించండి. పాతికేళ్ల కిందట చిన్న పట్టణంలో సేవకు దిగిన మనిషికి గ్రంథాలయం ఎక్కడిది? సభల దగ్గర కొన్నవో, ఎవరో ఇచ్చినవో, ఆ అనువాద పుస్తకాలే ఆయనకు గురువులై ఉంటాయి. వాటిలో గీతలు గీసుకుని ప్రసంగాలు సిద్ధం చేసుకుని ఉంటారు. ఆ మాటలతోనే చావు జరిగిన ఇళ్లలో మనుషులను ఓదార్చి ఉంటారు. "అన్నీ అమెరికావాళ్లవే" అన్న మీ మాట ఆయన చెవిలో "మీరు నేర్చుకున్నదంతా అరువు సొమ్ము" అని పడి ఉంటుంది. మీ ఉద్దేశం అది కాదు. అయితే పెద్దలంతా చూస్తుండగా కోడలి నోటి నుంచి విన్నప్పుడు ఉద్దేశాలు వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది?

కాబట్టి క్షమాపణ చెప్పండి, ఆ చోటు గురించి మాత్రమే. "ముందు ఇంట్లో మీతో మాట్లాడాల్సింది మామయ్యా, నలుగురిలో అనకుండా ఉండాల్సింది" అని ఆపేయండి. దాని వెనుక "కానీ" తగిలించకండి. అడిగిందే తప్పని కూడా అనకండి. మీరు అలా నమ్మడం లేదని ఆయనకు తెలియకపోదు.

ఇక మీవారి మాట. తిమోతికి పౌలు రాసిన ఆ వచనం మీద సంఘాల మధ్యే ఏకాభిప్రాయం లేదు, దాన్ని ఇక్కడ తేల్చే పని నేను పెట్టుకోను. మీవారు దాన్ని ఎంత గట్టిగా నమ్మినా సరే, సంఘంలో ఎవరు బోధించాలన్నదే అక్కడి చర్చ. ఇంట్లో భార్య నోరు మూయించడానికి తీసే వచనం కాదది. ఆయనతో కలిసి అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చదవండి. అపొల్లో గొప్ప వక్త, లేఖనాల్లో దిట్ట. అతని బోధలో లోటు ఉందని డేరాలు కుట్టే ప్రిస్కిల్ల, అకుల దంపతులు గమనించారు. సమాజమందిరంలో లేచి నిలదీయలేదు, తమ దగ్గరికి పిలుచుకుని విడమరిచి చెప్పారు. అంతటి పండితుడూ ఒక స్త్రీ ఉన్న ఆ ఇంట్లో కూర్చుని విన్నాడు. ఈ కథలో మీకో పాఠం ఉంది, మీవారికో పాఠం ఉంది. ఎదుటివారి పాఠం మీరు చదివి వినిపించకుండా ఉంటే చాలు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను, అందులో మీరనుకున్నదానికంటే ఎక్కువ బలం ఉంది. అమెరికా పాస్టరు రాసిన నాయకత్వ పుస్తకం చెడ్డదేమీ కాదు. సమయం ఎలా వాడుకోవాలి, పనిని నలుగురికి ఎలా పంచాలి, గర్వాన్ని ఎలా అణచుకోవాలి లాంటివి అక్కడ దొరుకుతాయి. అయితే మీ తరగతిలో కూర్చునే పిల్లలకు ఎదురయ్యే ప్రశ్నలు ఆ రచయితకు ఎదురు కాలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులం హోదా దక్కదు. అందువల్ల సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఇంకో మతంగా బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంటి కుర్రాడికి నిజాయితీ గురించి నాయకుడు ఏం చెప్పాలి? సంఘంలో ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లే పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడిగితే ఎవరు ఆపాలి? కూలికి వెళ్లి వచ్చిన మనిషిని సంఘ పనికి ఎంత అడగవచ్చు? పెద్ద ఆఫీసు, జీతం తీసుకునే సహాయకులు ఉన్న పాస్టరు రాసిన పుస్తకంలో వీటికి జవాబు వెతకడం ఆ రచయితకూ అన్యాయమే.

పౌలును సేవకు పంపిన అంతియొకయ సంఘాన్నే చూడండి. అక్కడి నాయకుల పేర్లు అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం మొదట్లోనే ఉన్నాయి: కుప్ర ద్వీపం నుంచి వచ్చిన లేవీయుడు బర్నబా, నీగెరు, అంటే నల్లనివాడు, అని పిలిచే సుమెయోను, నేటి లిబియాలోని కురేనేకు చెందిన లూకియ, హేరోదుతో కలిసి పెరిగిన మనయేను, ఇంకా సౌలు అనే ఈ పౌలు. మామయ్యగారికి మీ ఆలోచన చెప్పాల్సి వస్తే ఇక్కడి నుంచే చెప్పండి. వైవిధ్యం, సమానత్వం అంటూ మొదలుపెడితే ఆయన అక్కడే ఆగిపోతారు. వాక్యంతో మొదలుపెడితే కనీసం వింటారు.

ఏవి చదివించాలన్నారు. నన్నడిగితే అజరయ్యతో మొదలుపెట్టమంటాను. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, 1874లో పుట్టారు. మన భాష నేర్చుకుని తెలుగు పల్లెల మధ్య జీవితం గడిపారు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ముప్పై అయిదేళ్ల వయసులో, మిషనరీలను ముఖాముఖి ఒక మాట అడిగారు. మీరు ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి అన్నారు. సభలో చాలామందికి అది రుచించలేదు. అయినా ఆయన వాళ్లతో తెగదెంపులు చేసుకోలేదు, పని మానలేదు. పెద్దలను గౌరవిస్తూనే నిజం ఎలా చెప్పాలో ఆ ఒక్క ప్రసంగం మీ తరగతికి ఒక నెల పాఠం అవుతుంది. సంఘ క్రమశిక్షణ, కానుకలు, సువార్త విషయాల్లో ఆయన పట్టుదల మామయ్యగారికి నచ్చి తీరుతుంది. ఈ సంగతి మీకు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

రెండో పేరు పండిత రమాబాయి. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకున్నారు. తనను చేరదీసిన అక్కడి సన్యాసినులతోనే విశ్వాస విషయాల మీద ఉత్తరాల్లో వాదించారు. కృతజ్ఞత వేరు, మనస్సాక్షి వేరు అని ఆ ఉత్తరాలు చదివితే తెలుస్తుంది. తర్వాత పుణె దగ్గర కేడ్‌గావ్‌లో వితంతువులకు, కరవు పాలైన ఆడపిల్లలకు ఆశ్రయం నడిపారు, బైబిలును మరాఠీలోకి అనువదించారు. ఇంత పని చేసిన మనిషిని నాయకత్వ తరగతిలో పక్కన పెట్టడానికి కారణం వెతకడం మీవారికి కష్టమే.

మీ ఒంగోలు సంగతి మీ ఒంగోలు వాళ్లకే చెప్పరు, అదొక విచిత్రం. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన చరిత్రను అందరూ అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొరగారి పేరుతో చెబుతారు. ఆయన పనికి దారి వేసినవాళ్లలో తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నారు. తోలు వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి ఆయన. ఊరూరా తిరిగి తన బంధువులకు సువార్త చెప్పిన బోధకుడు. ఆయన వంటివారి జీవితాలను క్లౌ దొరగారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వాళ్ల నోటనే విని 1899లో ఇంగ్లిషు పుస్తకంగా తెచ్చారు. అందులోంచి కొన్ని పేజీలు మీరే తెలుగు చేసి తరగతిలో పంచండి, ఉపాధ్యాయురాలికి అది పెద్ద పని కాదు. ఇంగ్లిషు పుస్తకం చేతిలో పెడితే కాన్వెంటులో చదివిన నలుగురే మళ్లీ ముందుకు వస్తారు.

అమెరికా రచయితలను మొత్తంగా తీసేయమని అనడం లేదు, అక్కడ కూడా అందరిదీ ఒకే గొంతు కాదు. హోవర్డ్ థర్మన్ అనే నల్లజాతి బోధకుడు 1935–36లో సిలోను, ఇండియా తిరిగి గాంధీని కలిశారు. మీ పూర్వీకులను బానిసలుగా పెట్టుకున్నవారి మతంలో మీరెలా ఉన్నారని కొలంబోలో ఒకరు ఆయనను నిలదీశారు. 1949లో ఆయన రాసిన పుస్తకం ఆ ప్రశ్నకే జవాబు. మీ యవనస్థులను ఇదే ప్రశ్న ఇంకో రూపంలో రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

మీకు కూడా ఒక హెచ్చరిక. ఆడవాళ్ల పేరు ఒకటి, దళితుల పేరు ఒకటి చేర్చి లెక్క సరిపెట్టడం చదవడం కాదు. మీరు ముందే నమ్మినదాన్ని మీకు నచ్చిన మనిషి చెబితే వినడానికి పెద్ద శ్రమేమీ అక్కర్లేదు. మీకు మింగుడుపడని పుస్తకం కూడా ఒకటి ఉండనివ్వండి. పన్నెండులో ఎనిమిది అలాగే ఉంచి, నాలుగు మార్చమని మీవారిని అడగండి. ఏ ఎనిమిది ఉండాలో మామయ్యగారినే నిర్ణయించమనండి. ఆ పుస్తకాలు తనకు ఏ కష్టంలో తోడయ్యాయో మొదటి తరగతిలో ఆయననే చెప్పమనండి. బుజ్జగింపుగా ఈ మాట అనడం లేదు. పాతికేళ్లు ఒకే ఊరిలో సంఘాన్ని కాచిన తెలుగు పాస్టరు అనుభవం మీ జాబితాలో నిజంగానే లేదు. అజరయ్య గురించి చెప్పే బాధ్యత కూడా ఆయనకే ఇవ్వవచ్చు.

మీవారితో ఇవన్నీ ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. తండ్రికీ భార్యకూ మధ్య ఆయన మాటలు మోసే మనిషి కాకూడదు. అత్తయ్యగారినైతే ఇందులోకి అసలు లాగకండి.

మామయ్యగారు అప్పటికీ వద్దంటే ఈ ఏడాదికి తరగతిని ఆయన చెప్పినట్టే సాగనివ్వండి. మీకు స్త్రీల సమాజం ఉంటుంది కదా. అక్కడ లక్ష్మీబాయి తిలక్ ఆత్మకథ మొదలుపెట్టండి. భర్త 1895లో తనకు చెప్పకుండా క్రైస్తవుడైతే, ఏళ్లపాటు విడిగా ఉండి, 1900లో తానూ ఆ దారికి వచ్చిన మరాఠీ ఇల్లాలి కథ అది. కన్నీళ్లు ఎన్ని ఉన్నాయో నవ్వులూ అన్ని ఉన్నాయి. ఇంగ్లిషు అనువాదం దొరుకుతుంది, వారానికి కొంత మీరు తెలుగులో చెప్పవచ్చు. అత్తయ్యగారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. మొదలుపెట్టే ముందు మాత్రం మామయ్యగారికి ఇంట్లోనే, ఒక్కరే ఉన్నప్పుడు చెప్పండి. ఆయన మాట్లాడకపోయినా చెప్పండి.